తలవైపు మోసినవాడు

ఇరవై ఏళ్ళుగా గదీవా నోట ఆ పేరు రాలేదు. రాకూడదు కూడా. పెళ్ళాం తరఫువాళ్ళ పేర్లు నోటితో పలకకూడదన్నది మా కొండల్లో కట్టు. మామ పేరైనా, అత్త పేరైనా, బామ్మర్ది పేరైనా అంతే. పొరపాటున నోరు జారిందంటే కోళ్ళూ చేమదుంపలూ మోసుకెళ్ళి అత్తారింటి గుమ్మంలో పెట్టి తల వంచుకు నిలబడాలి. గదీవా ఆ తప్పు ఏనాడూ చెయ్యలేదు.

కానీ మిగతా లోకానికి ఆ కట్టు లేదే! పొద్దున గుడారాలు విప్పింది మొదలు ఒకటే పిలుపులు. "ముగాయీ, నా నీళ్ళ సీసా ఏదీ?" "ముగాయీ, కాలికి జలగ పట్టింది, ఇటు రావా!" "ముగాయీ, ఇంకో పాట!" నడవడానికి వచ్చిన ఎనిమిది మంది ఆస్ట్రేలియా వాళ్ళు, సామాన్లు మోసే పద్నాలుగు మంది మనవాళ్ళు, అందరి నోటా అదే. గదీవాకి మాత్రం కసితీరా తిట్టుకుందామన్నా ఆ పేరు ఎత్తే వీల్లేదు. "ఆ వెధవ" అని లోలోపల అనుకోవాలి, అంతే. ఇంతకంటే నరకం ఇంకొకటి ఉంటుందా?

ఆ ముగాయి గదీవా పెళ్ళాం కోరీకి తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు. వాణ్ణి కొండలు దాటే కొకోడా కాలిదారి మీదికి తెచ్చి, తాడు ఎలా కట్టాలో, వాగు ఎక్కడ దాటాలో, దొరల కాళ్ళ బొబ్బలకి ఏ ఆకు వెయ్యాలో నేర్పింది గదీవానే. ఇప్పుడేమో రాజధాని మోర్స్‌బీలో ఉన్న కంపెనీవాళ్ళు వాణ్ణి రెండో గైడుని చేశారు. వచ్చే ఏడాదికి మొదటి గైడు వాడేనట అని వంటవాడు చెవిన వేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి గదీవాకి తిన్న చిలగడదుంప అరగడం లేదు.

ఇరవై రెండేళ్ళ నుంచి ఈ దారిలో మొదట నడిచేవాడు గదీవా. మోతగాడు ఒరోవా మనవడు గదీవా! డెబ్బై ఏళ్ళ కిందట జపాను సైన్యం ఈ కొండల్లోకి దిగినప్పుడు, ఇసురావా యుద్ధంలో దెబ్బతిన్న ఓ ఆస్ట్రేలియా సిపాయిని డోలీలో పెట్టి, బురదలో వానలో ఏడు రోజులు మోసి బతికించిన ఒరోవా కథ ఈ దారిలో ఎవడు చెప్పాలి? గదీవా చెప్పాలి. కంపెనీ కాగితాల్లో అతని ఫోటో కింద అదే రాసి ఉంటుంది. అతని దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే.

ఈసారి గుంపులో ఐలీన్ అనే ఆవిడ వచ్చింది. యాభై ఏడేళ్ళు, ఎడమ మోకాలు అంతంత మాత్రం. ఒరోవా మోసిన సిపాయికి కూతురు ఆవిడే! తండ్రి పోయాక కాగితాలు సర్దుతుంటే ఒరోవా పేరు కనపడిందట, కంపెనీకి రాసి, వెతికి, గదీవా కోసమే వచ్చింది. ఆ సంగతి తెలిసినప్పుడు గదీవా గుండె ఎంత ఎగిరిందో చెప్పలేం. ఇక నన్నెవడు కదిలిస్తాడు అనుకున్నాడు.

తీరా చూస్తే మొదటి రోజే ఆవిడ సంచి మోసే పని, చెయ్యి పట్టుకుని నడిపించే పని కంపెనీవాళ్ళు ఎవరికి అప్పజెప్పారు? బామ్మర్దికి! మొదటి వాగు దగ్గర దుంగ మీద గదీవా నిలబడి చెయ్యి చాపితే ఆవిడ నవ్వి, "ఉండు గదీవా, ముగాయి వస్తున్నాడుగా," అంది. చాపిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. వెనక నుంచి బామ్మర్ది ఈలేసుకుంటూ వచ్చి, "జరుగు బావా, దుంగ ముగ్గుర్ని ఓర్చుకోదు," అని ఆవిణ్ణి చంటిపిల్లలా దాటించేశాడు.

మొదటిరోజు విడిదిలో గదీవా ఎప్పటిలాగే అందర్నీ కూర్చోబెట్టి ఈ దారి నేర్పే పాఠాలు చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా చెప్పేవే. "ఒకటి. ముందున్నవాడి మడమ మీద కన్ను పెట్టండి. కొండకొన చూశారో, కాళ్ళు చచ్చుబడతాయి. రెండు. తడిసిన వేరు మీద అడుగు వెయ్యకండి. మూడు. ఇక్కడ ఎవరూ ఒంటరిగా మొయ్యరు." మూడోది అనేటప్పుడు గదీవా చూపుడువేలు పైకెత్తుతాడు. బామ్మర్ది అతని వెనక నిలబడి తనూ వేలెత్తి, గడ్డం నిమిరి, గొంతు బొంగురు చేసి పెదాలాడించాడు. అందరూ పగలబడి నవ్వారు. ఐలీన్ మాత్రం చిన్న పుస్తకం తీసి మూడు పాఠాలూ రాసుకుంది. ఆవిడ నవ్వలేదని గదీవాకి కాస్త ఊరట.

రెండో రోజు ఇసురావా చేరారు. అక్కడ నాలుగు రాతి స్తంభాలున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో మంచిమాట చెక్కి ఉంటుంది. బామ్మర్ది మిగతావాళ్ళని వెంటేసుకుని వాగుకి దిగాడు. ఐలీన్ గదీవాని పక్కకి పిలిచి, ప్లాస్టిక్ కవరులోంచి ఓ నార సంచి తీసింది.

"నాన్న బతికున్నన్నాళ్ళూ దీన్ని తల దగ్గరే పెట్టుకుని పడుకునేవాడు," అంది. "ఇది ఒరోవా ఇంటికి చేరాలి. మీ ఊళ్ళో అందరి ముందూ నీ చేతిలో పెడతాను."

గదీవా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి అడుగు మూల చూశాడు.

మా ఆడవాళ్ళు అల్లే సంచి చూస్తే ఏ ఇంటిదో చెప్పెయ్యవచ్చు. ఒరోవా ఇంటి ఆడవాళ్ళు అడుగు మూల గుండ్రంగా మూసేస్తారు. ఈ సంచికి అడుగు మూలన ముడి రెండుసార్లు తిప్పి, లోపలివైపు ఒక ఎర్రమట్టి రంగు పోగు దాచి ఉంది. రంగు వెలిసిపోయినా పోగు ఉంది. అలా అల్లడం ఈ లోయ మొత్తానికి ఒకే ఒక్కావిడకి వచ్చు. ఆవిడ కోరీకి నేర్పింది. కోరీ అల్లిన సంచి ఆ నిమిషాన గదీవా భుజానికే వేలాడుతోంది, అదే మూల, అదే పోగు!

అతను తన సంచిని చటుక్కున వీపు వెనక్కి తోసుకున్నాడు.

అల్లినావిడ కోరీకి నాయనమ్మ. ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు పోయింది, నోరు మాత్రం ఉంది. కొత్తగా పెళ్ళయినప్పుడు మొగుడికి ఆశగా సంచి అల్లి భుజాన తగిలించి యుద్ధంలో బరువులు మొయ్యడానికి పంపింది. ఆయన ఒళ్ళంతా పుళ్ళతో తిరిగొచ్చాడు గానీ సంచి లేదు. "ఓ సిపాయి తల కింద పెట్టానే," అన్నాడు. ఆవిడ నమ్మలేదు. పెళ్ళాం అల్లిన సంచి మగవాడు ఇంకొకరికి ఇచ్చాడంటే మావాళ్ళలో దానికి ఒకటే అర్థం. ఆయన చచ్చేదాకా మళ్ళీ సంచి అల్లిపెట్టలేదు. ఊళ్ళో మగాళ్ళందరికీ భుజాన సంచి, ఆయనొక్కడికీ బోసి భుజం. ఇప్పటికీ సమాధి దగ్గరికి చెయ్యి పట్టించుకుని వెళ్ళి, "ఎవతికిచ్చావురా?" అని తిట్టి వస్తుంది. ఊరంతా నవ్వుకుంటుంది. గదీవా కూడా నవ్వినవాడే.

ఆవిడ మొగుడి పేరు ముగాయి. మనవడికి ఆ పేరే పెట్టారు.

ఇంకో సంగతి కూడా గదీవాకి తెలుసు. అతనికొక్కడికే తెలుసు. చిన్నప్పుడు తాత ఒరోవా నిప్పు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. డోలీ మొయ్యడానికి మొదట ఎనిమిది మంది బయల్దేరారు. జ్వరాలకి ఆరుగురు పడిపోయారు. చివరి నాలుగు రోజులూ ఇద్దరే. "కాళ్ళవైపు నేను, తలవైపు ముగాయి. తలవైపే బరువెక్కువరా," అన్నాడు. గదీవా గైడైన మొదటి రెండేళ్ళూ కథలో ఆ పేరు చెప్పేవాడు. తర్వాత కోరీని చేసుకున్నాడు. ముగాయి అన్నది అత్తారింటి పేరైపోయింది. అప్పట్నుంచి "ఇంకొకాయన" అన్నాడు. కొన్నాళ్ళకి ఆ ఇంకొకాయన కూడా జారిపోయాడు. ఒరోవా ఒక్కడే మోశాడు. వినేవాళ్ళకి అదే బాగుంది, చెప్పేవాడికి ఇంకా బాగుంది.

ఇప్పుడీ సంచి నిజం బయటికొస్తే? పాట వాడిదే, నవ్వు వాడిదే, చాపిన చెయ్యి వాడిదే, వచ్చే ఏడాది ముందు నడవడం వాడిదే. చివరికి తాత కథ కూడా వాడిదే అవుతుంది!

"అమ్మా, ఊళ్ళో వద్దు," అన్నాడు. "ఊరికి ముందొచ్చే బ్రిగేడ్ కొండ మీద ఇవ్వండి. మా తాత ఆ కొండ మీంచే మీ నాన్నని మోశాడు. అక్కడైతేనే బాగుంటుంది."

ఐలీన్ సరేనంది. ఊళ్ళో అయితే కోరీ ఉంటుంది, ముసలావిడ ఉంటుంది. అది ఆవిడకేం తెలుసు?

ఆ రోజు నుంచి గదీవా తన సంచిని మడిచి పెద్ద మూటలో అడుగున దాచేశాడు. బామ్మర్ది కళ్ళు ఊరుకుంటాయా? మూడో రోజు ఎక్కుడులో పక్కకొచ్చి, "ఏంటి బావా, భుజం బోసిగా ఉంది? మా అక్క అల్లిన సంచి ఎవరికిచ్చావ్?" అన్నాడు.

"తడుస్తుందని లోపల పెట్టాను."

"మా తాత కూడా ఇలాంటి కబుర్లే చెప్పాడు. చూస్కో, మా ఇంటి ఆడాళ్ళు డెబ్బై ఏళ్ళు గుర్తుపెట్టుకుంటారు!"

వాడు నవ్వుతూ ముందుకెళ్ళిపోయాడు. గదీవా తడి వేరు మీద అడుగు వేసి జారి, మోకాళ్ళ మీద పడ్డాడు. ఇరవై రెండేళ్ళలో పడలేదు. పరిగెత్తుకొచ్చి లేపింది ఎవరనుకున్నారు? వాడే. మోకాలికి ఆకు నలిపి కట్టింది కూడా వాడే. కుళ్ళబెట్టడానికి మనిషి చెడ్డవాడై ఉండాలా ఏంటి, మంచివాడైతే ఇంకా కాలుతుంది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం బ్రిగేడ్ కొండ ఎక్కారు. గడ్డి కొండ, గాలి, మబ్బుల్లేని ఎండ. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. గదీవా లేచి కథ చెప్పాడు, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఒరోవా భుజాల మీద కర్రలు దిగబడి నెత్తురు కారడం, సిపాయి దాహమంటే వెదురు పగలగొట్టి నీళ్ళు పట్టడం, అన్నీ చెప్పాడు. దొరసానులు ఏడ్చారు. గదీవా ఓరకంట బామ్మర్దిని చూశాడు. వాడు గడ్డం మోకాళ్ళ మీద ఆనించి నోరు తెరుచుకుని వింటున్నాడు.

ఐలీన్ తండ్రి రాసిన కాగితం విప్పి చదివింది. "మెడ కదిలేది కాదు, ఒళ్ళు కాలిపోయేది. కాళ్ళవైపు మోసిన ఒరోవా వీపు నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. తలవైపు మోసినవాణ్ణి మాత్రం చూడలేదు. వాడి ఊపిరి నా నుదుటి మీద తగిలేది. రాళ్ళు గుచ్చుకోకుండా ఏదో మెత్తటిది నా తల కింద పెట్టాడు. ఆగినప్పుడల్లా నీళ్ళకి పరిగెత్తేవాడు. వాడి మొహమూ తెలీదు, పేరూ తెలీదు. చచ్చేలోపు తెలిస్తే బాగుండు."

ఆవిడ కాగితం మడిచింది. "గదీవా, ఇక్కడ ఎవరూ ఒంటరిగా మొయ్యరని నువ్వేగా చెప్పావు. నాన్న తలవైపు ఎవరున్నారు?"

పది అడుగుల దూరంలో బామ్మర్ది కూర్చున్నాడు. ఎనిమిది మంది దొరలు, పద్నాలుగు మంది మోతగాళ్ళు అతని నోటికేసి చూస్తున్నారు. పేరు నాలుక చివర ఉంది. కట్టు ఉంది కదా, చెప్పకూడదు కదా అని మనసు వెంటనే అందించింది. ఎంత తీయటి సాకు! చెప్పకూడదని చెప్పినా సరిపోయేది. అదీ చెప్పలేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "ఆ పేరు ఎవరికీ గుర్తులేదు."

ఐలీన్ కళ్ళు తుడుచుకుని సంచి అతని చేతుల్లో పెట్టింది. ఫోటోలు తీశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బామ్మర్దే. "ఏదీ, ఓసారి చూడనీ బావా," అని చెయ్యి చాపాడు కూడా.

"ఊళ్ళో చూద్దువులే," అని గదీవా సంచిని చొక్కా లోపలికి దోపుకున్నాడు. గెలిచాడు కదా, మరి ఒళ్ళు తేలికపడాలిగా? దిగుడంతా ఆ సంచి కడుపు మీద గరగరా గీరుకుంటూనే ఉంది.

సాయంత్రం కాకముందే మావరి చేరారు. మా ఊళ్ళో శనివారం సబ్బాతు, పనులు ముట్టని దేవుడి రోజు, శుక్రవారం పొద్దు వాలేలోగా వంటా ఉతుకుడూ అన్నీ అయిపోవాలి. గదీవా ఆ సంచిని మూటలోకి తోసి, స్నానానికి వాగుకెళ్ళి వచ్చేసరికి కోరీ అతని మూట విప్పి, తడిబట్టలు తీసి, గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో రెండు సంచులున్నాయి, కొత్తదీ పాతదీ. చూపుడువేలు పాతదాని మూలలో ఉంది.

"ఇదెక్కడిది?"

"ఆ సిపాయి కూతురిచ్చింది. మా తాతదట."

"మీ తాతదా?" కోరీ నవ్వింది. "మా నాయనమ్మ ముడి నేను పోల్చుకోలేనా? ఎక్కడ దొరికిందంట ఆయనకి?"

"తల కింద పెట్టారట. తలవైపు మోసినాయన."

"ఆయనెవరో నీకు తెలుసు."

గదీవా తడి తువ్వాలు దండెం మీద ఆరేశాడు.

"తెలిసీ ఇవాళ కొండ మీద తెలీదన్నావంటగా? నా తమ్ముడొచ్చి చెప్పాడు, పాపం ఆ పేరు ఎవరికీ గుర్తులేదంటక్కా అని. వాడి కళ్ళలో నీళ్ళు!"

"పేరెలా చెప్పమంటావే? మీవాళ్ళ పేరు. కట్టుంది కదా!"

"అబ్బో! కట్టు!" కోరీ లేచి నిలబడింది. "నేలమీద కర్రతో రాసి చూపించడానికి నీకు కట్టు అడ్డమొచ్చిందా? వాడివైపు వేలు చూపించి వీడి తాతే అనడానికి అడ్డమొచ్చిందా? కట్టు పెట్టింది మా వాళ్ళని గౌరవించమని. నువ్వు దాని చాటున దాక్కున్నావు. వాడంటే నీకు కుళ్ళు. పెళ్ళప్పుడు నీ వేలు పట్టుకు తిరిగిన పిల్లాడంటే నీకు కుళ్ళు!"

అవును, కుళ్ళే. కోరీ పాత సంచిని మడిచి అతని మూట మీద పెట్టింది. ఇంకేం అనలేదు. "రేపు ముసల్ది ముందు బల్ల మీదే కూర్చుంటుంది," అని మాత్రం చెప్పి చేమదుంపలు దించడానికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున చర్చి కిటకిటలాడింది. ఐలీన్ వాళ్ళు ఓ పక్క బల్లల మీద కూర్చున్నారు. పాటల తర్వాత పాస్టరు, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి అన్నాడు. గదీవా లేచాడు. మా మాటల్లో ఒకసారి, ఐలీన్ కోసం ఆవిడ మాటల్లో ఒకసారి చెప్పాడు.

"నేను అబద్ధమాడాను. ఇరవై ఏళ్ళు కథలో సగం మింగేశాను, నిన్న మిగతా సగం కూడా మింగేశాను. మా తాత ఒక్కడే మొయ్యలేదు. ఆయన కాళ్ళవైపు మోశాడు. తలవైపు బరువెక్కువ. అది మోసినాయన తన సంచి ఆ సిపాయి తల కింద పెట్టాడు. ఆ సంచి ఇదే. ఆయన పేరు నాకు తెలుసు."

అత్తమామలు ఎదురుగానే ఉన్నారు. గదీవా బామ్మర్దిని చూశాడు. చూడగానే ఆ కుళ్ళు మళ్ళీ లేచింది, అబద్ధమెందుకు. ఇది చెబితే మిగిలింది కూడా వాడిదే అవుతుంది. అయినా నోరు తెరిచాడు.

"ముగాయి."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మామ లేవబోయాడు. ఇంతలో మూడో వరసలోంచి, నిద్దట్లో లేపినట్టు, "ఆఁ బావా!" అని బామ్మర్ది పలికాడు.

పలికి, ఏం చేశాడో తెలిసి, నాలుక్కరుచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక బావ నోట తన పేరు విన్నది అదే మొదటిసారి. పలక్కుండా ఎలా ఉంటాడు? చర్చంతా గొల్లుమంది. లేవబోయిన మామ కూడా నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. ఐలీన్ లేచి వెళ్ళి ముగాయి రెండు చేతులూ పట్టుకుని వాడి మొహంలోకి అలా చూస్తూనే ఉండిపోయింది.

గదీవా వాళ్ళని చూడలేదు. ముందు బల్ల దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "నాయనమ్మా, నీ వస్తువు," అని సంచిని ముసలావిడ ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ చూపులేని కళ్ళు ఎటో ఉన్నాయి. వేళ్ళు మాత్రం సంచి అడుక్కి పాకాయి. మూల దొరికింది. ముడి, ఇంకోసారి ముడి, లోపల దాచిన పోగు. అక్కడ ఆగిపోయాయి. నవ్వులు ఒక్కొక్కటే తగ్గి చర్చి సద్దుమణిగింది.

"సిపాయి తల కిందా?" అంది.

"అవును నాయనమ్మా."

"మగ సిపాయేనా?"

"మగవాడే. అదుగో, ఆయన కూతురు."

ముసలావిడ సంచిని మొహానికి ఆనించుకుని వాసన చూసింది. తర్వాత దాని పట్టీ మా ఆడవాళ్ళు మోసుకునే తీరున నెత్తి మీద వేసుకుని, చేత్తో తడుముతూ కోరీ చెయ్యి పట్టుకుంది.

"రేపు పొద్దున్నే అడవికెళ్ళి నార తెచ్చిపెట్టవే," అంది. "మీ తాత భుజం బోసిగా ఉంది."